మిషన్ సరిగానే ఉంది, మాస్టారూ

నా ఎడమ కాలరు ఎముక కింద, చర్మానికీ కండరానికీ నడుమ, మగవారి చేతి గడియారం డయలంత వెడల్పున ఒక లోహపు బిళ్ల ఉంది. అది అక్కడికి వచ్చి మూడేళ్లు దాటింది. స్నానం చేసేటప్పుడు సబ్బు చెయ్యి దాని అంచు మీదుగా జారితే, ఇది నాతో పుట్టినది కాదన్న సంగతి ఇప్పటికీ ఒక్క క్షణం మనసులో మెదులుతుంది. "పేస్‌మేకర్ పెట్టించుకున్నారటగా, ఇక మీకేం భయం లేదు మాస్టారూ" అని పలకరించేవారికి తల ఊపి ఊరుకుంటాను. వారి మాటలో మొదటి సగం నిజమే. రెండవ సగం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక శాస్త్రం చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. 2021 డిసెంబరులో, ధనుర్మాసపు తెల్లవారుజామున, పాలకొల్లులో మా వీధి చివరి నుంచి పాల ప్యాకెట్లతో తిరిగి వస్తూ గేటు గొళ్లెం మీద చెయ్యి వేసిన సంగతి వరకే నాకు గుర్తు. కళ్లు తెరిచేసరికి ముగ్గు మీద పాలు పారుతున్నాయి, నుదుటి నుంచి రక్తం కారుతోంది, నా భార్య నా తలను ఒళ్లో పెట్టుకుని ఎదురింటివారిని కేకలు వేస్తోంది. అంతకు ముందు రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, రెండుసార్లు కళ్లు బైర్లు కమ్మాయనీ నాకు తెలుసు. వయసు మీద పడిందని సరిపెట్టుకున్నాను. మా ఊరి డాక్టరుగారు నాడి పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా ఈసీజీ తీయించారు. నిమిషానికి 36.

పూర్తి హార్ట్ బ్లాక్ అన్నారు. గుండె కుడివైపు పై గదిలో పుట్టే విద్యుత్ సంకేతం నడిమి కూడలి దాటి కింది గదులకు చేరకపోవడమే ఆ జబ్బు. ఇది నాకు బడి భాషలోనే అర్థమయింది. హెడ్‌మాస్టరుగారు తన గదిలో కూర్చుని గంట కొట్టమని వేళకు చెబుతూనే ఉన్నారు, ఆ కబురు మోసుకెళ్లే కుర్రవాడు మాత్రం రావడం మానేశాడు, కబురు అందని అటెండరు తనకు తోచినప్పుడు తనకు తోచిన వేగంతో గంట కొడుతున్నాడు. పేస్‌మేకర్ చేసే పని ఆ కుర్రవాడి పని. ఒక తీగ పై గదిలో ఉండి అక్కడి సంకేతాన్ని వింటుంది, మరొక తీగ కింది గదిలో ఉండి ఆ కబురును అందజేస్తుంది. పై గది మందగిస్తే దానిని కూడా తట్టి లేపుతుంది కానీ, నా పై గదికి ఆ అవసరం దాదాపుగా రావడం లేదు.

ముందు గజ్జ నుంచి తాత్కాలికపు తీగ వేసి, రెండు రోజుల తరువాత విజయవాడలో ఒక ఆస్పత్రిలో అసలుది అమర్చారు. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చారు కనుక అంతా వింటూనే ఉన్నాను. చర్మం కింద సంచిలాగా చోటు చేసేటప్పుడు ఎవరో గుండె మీద మోచెయ్యి ఆనించి నొక్కుతున్నట్టు ఉంది తప్ప నొప్పి తెలియలేదు. గంట పట్టింది. తీగ బిగించి కలిపిన క్షణాన, అప్పటిదాకా బీప్, చాలాసేపటికి మరొక బీప్ అంటున్న మానిటరు ఒక్కసారిగా చకచకా నడవడం మొదలుపెట్టింది. ఆ రాత్రి అరికాళ్లు వెచ్చబడ్డాయి. రెండు నెలలుగా నా కాళ్లు చల్లగా ఉంటున్నాయన్న సంగతి అవి వెచ్చబడ్డాక గాని నాకు తెలియలేదు.

ఇంతవరకూ చెబితే అందరూ సంతోషిస్తారు. ఇంటికి వచ్చిన తరువాతి సంగతిని వినే ఓపిక తక్కువమందికి ఉంటుంది.

నొప్పులలో నాకు తెలిసినవి మూడు రకాలు. కుట్ల గీత మీద అప్పుడప్పుడు చీమ కుట్టినట్టు చురుక్కుమనేది ఒకటి. చెయ్యి పైకెత్తినప్పుడు చంక వైపు లాగినట్టుండేది రెండవది. చలికాలంలో గాని, ఎడమవైపు తిరిగి పడుకున్నప్పుడు గాని బిళ్ల అడుగున మెల్లగా సలిపేది మూడవది. మొదటి రెండూ ఏడాది లోపల చాలావరకు తగ్గాయి. మూడవది ఇప్పటికీ వచ్చిపోతూ ఉంటుంది. కారులో ముందు సీటులో కూర్చుంటే సీటు బెల్టు సరిగ్గా దాని మీదుగా పోతుంది కనుక చిన్న చేతిరుమాలు మడిచి మధ్యలో పెట్టుకుంటాను. అలాగని బెల్టు మానలేదు. ఎర్రబడడం, వేడిగా ఉండడం, వాపు, చీము, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకుండా రమ్మని డిశ్చార్జి రోజున చెప్పిన మాట గోడ మీద రాసి పెట్టుకున్నట్టు గుర్తుంది. అవేవీ నాకు రాలేదు.

ఒక నొప్పి మాత్రం నేను చేతులారా తెచ్చుకున్నది. తీగలు గుండెలో కుదురుకునేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాల పాటు, ఎడమ మోచేతిని భుజానికి పైన ఎత్తవద్దని చెప్పారు. నేను దానిని ఎడమ చెయ్యే కదపకూడదని అర్థం చేసుకున్నాను. నిజానికి చెప్పిన మాట అర్థం కాకపోలేదు. తీగ ఊడిపోతుందేమోనన్న భయానికి ఆ అర్థం అనుకూలంగా ఉంది. మూడు నెలలు చెయ్యి ఛాతీకి అతికించుకుని తిరిగాను, చొక్కా నా భార్యే తొడిగేది. చివరికి భుజం బిగుసుకుపోయింది, జంధ్యం సర్దుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి పోలేదు. తరువాత ఫిజియోథెరపిస్టు దగ్గర గోడ మీద వేళ్లతో పాకిస్తూ, రోజుకు ఒక అంగుళం చొప్పున నాలుగు నెలలు పడిన బాధ ముందు ఆపరేషను బాధ లెక్కలోకి రాదు. భుజం కీలును కదుపుతూనే, ఎత్తు మాత్రం దాటకుండా ఉండాలన్న తేడాను ఎవరైనా చెయ్యి పట్టుకుని చూపించి ఉంటే బాగుండేది.

మరొక సంగతి చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. అమర్చిన మొదటి వారంలోనే ఎడమ పక్కటెముకల కింద, కడుపు పైభాగాన, ఎక్కిళ్ల వంటి అదురు మొదలయింది. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. చెయ్యి వేసి చూస్తే నాడితో సమానంగా కొట్టుకునేది. ఫోను చేస్తే అవతల ఉన్న కుర్రవాడు "కొత్తలో అలాగే అనిపిస్తుందండీ, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నాడు. పది రోజులు నేనూ అది నా ఊహే అనుకున్నాను. కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరుగారు నన్ను పడుకోబెట్టి, మిషన్ నుంచి వచ్చే వోల్టేజిని కావాలని పెంచించారు. అదురు పొట్ట మీది చొక్కా కదిలేంతగా పెరిగింది. తగ్గించగానే ఆగిపోయింది. కింది గది తీగ నుంచి పోయే విద్యుత్తు పక్కనే, ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రం అనే కండరపు పొరను కూడా తట్టి కదుపుతోందన్నమాట. వోల్టేజి తగ్గించి రెండు నిమిషాల్లో సరిచేశారు. ఆ రోజు నుంచి, రోగి చెప్పే ప్రతి మాటనూ 'టెన్షను' అని కొట్టిపారేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. భయం నాలో నిజంగానే ఉంది, కాదనను. అంతమాత్రాన నాలో ఉన్నదంతా భయమే కాదు.

ఇక ఆ భయం సంగతి.

మొదటిసారి చెకప్‌కు వెళ్లినప్పుడు టెక్నీషియను బిళ్ల మీద కంప్యూటరు మౌసు వంటి ఒక పరికరం ఉంచి, తెర మీద వచ్చిన అంకెలను చదువుతూ "కింది గదిలో 99 శాతం మిషనే కొట్టిస్తోంది సార్" అన్నాడు. అతనికి అది మామూలు అంకె. నేను ఆ అంకెను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నూటికి తొంభై తొమ్మిది అంటే, ఈ బిళ్ల ఆగితే నేనూ ఆగినట్టే కదా. ఆ రాత్రి నుంచి నాడి చూసుకోవడం మొదలుపెట్టాను. మొదట ఉదయం, సాయంత్రం. తరువాత భోజనానికి ముందు, భోజనానికి తరువాత. వేసవి వచ్చేసరికి, కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు నా వేలికి ఉంగరంలా తయారయింది. ఒక రోజు నా భార్య పుస్తకంలో గీతలు పెట్టి లెక్కవేసింది: 43 సార్లు. మరునాడు అది కనిపించలేదు. బియ్యం డబ్బాలో దాచానని ఆరు నెలల తరువాత చెప్పింది.

ఆ రోజుల్లో రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. బిళ్ల దగ్గర ఎక్కడో చిన్న పోటు వచ్చేది, లేదా వచ్చిందనుకునేవాడిని. దాని వెంబడే అరచేతులు చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది, ఇదిగో తీగ తెగింది అనుకునేవాడిని. నాలుగు నెలల్లో మూడుసార్లు అర్ధరాత్రి ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్లాను. మూడుసార్లూ ఈసీజీ, రక్త పరీక్ష, "మిషన్ సరిగానే ఉంది, మాస్టారూ" అన్న మాట. మూడవసారి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ తొందరపడలేదు. రొమ్ము ఎముకకు పక్కటెముక కలిసే చోట వేలితో నొక్కింది, నేను కెవ్వుమన్నాను. "ఇదేనా తాతగారూ మీ నొప్పి?" అంది. అదే. గుండె నొప్పిని ఇలా వేలితో చూపించడం సాధారణంగా కుదరదనీ, ఇది ఎముకల మధ్యనున్న మృదులాస్థి వాపనీ, బిగుసుకున్న భుజాన్ని కాపాడుకోవడానికి నేను వంకరగా పడుకోవడం కూడా దీనికి తోడయి ఉంటుందనీ చెప్పింది. అయితే నొప్పి నడుస్తుంటే పెరిగినా, దవడకూ చేతికీ పాకినా, ఆయాసం తోడయినా, కళ్లు తిరిగినా మాత్రం వేలితో నొక్కి చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే రమ్మంది.

నాకు ఈ చదువు ఉన్నందువల్ల భయం తగ్గాలి కదా అని మా అబ్బాయి అనేవాడు. మొదటి రిపోర్టు పట్టుకుని నేను చేసిన పని కూడా అదే. తీగ నిరోధం 540 ఓములు, గుండెను కదిలించడానికి చాలిన వోల్టేజి 0.7, భద్రత కోసం ఉంచిన వోల్టేజి 2.5, ఒక్కొక్క తట్టు 0.4 మిల్లీసెకను. ఓమ్ నియమం ప్రకారం భాగిస్తే నా గుండెకు చేరే విద్యుత్తు నాలుగున్నర మిల్లీ ఆంపియర్ల పైచిలుకు. పదో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చేయించిన లెక్క! కాగితం మీద నా గుండెనే ఒక వలయంగా గీసుకుని, ఎంతో ముచ్చటపడి ఫ్రిజ్ మీద అతికించాను. ఆ రాత్రి రెండింటికి మళ్లీ మెలకువ వచ్చింది. లెక్క తప్పలేదు, భయం దాని జోలికి పోనూ లేదు.

అసలు సంగతి నాకు ఆరవ నెల చెకప్‌లో బోధపడింది. ఆ పరీక్షలో ఒక ఘట్టం ఉంది. గుండె వేగాన్ని కొంచెం పెంచి, వోల్టేజిని మెట్టు మెట్టుగా దించుతూ, ఎక్కడ గుండె స్పందించడం మానేస్తుందో చూస్తారు. ఆ మెట్టు దగ్గర, చీకట్లో చివరి మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అది లేనట్టు, ఛాతీలో ఒక్క కొట్టు జారిపోతుంది. టెక్నీషియను వెంటనే సరిచేస్తాడు. ఆ ఒక్క కొట్టు ఎప్పుడు వస్తుందా అని బల్ల అంచు పట్టుకుని పడుకుంటాను, ఇప్పటికీ. అది అయ్యాక అతను కాగితం ముద్రించి చూపించాడు. నా గుండె ఏ వేగంతో ఎంత కాలం నడిచిందో నిలువు గడులుగా ఉంది. 60, 70 దగ్గర ఎత్తైన గడులు. 100కూ 110కీ మధ్య, ఊరి చివర పాకలాగా ఒంటరిగా ఒక చిన్న గడి. "రోజూ వాకింగ్ చేస్తున్నారన్నమాట, మంచిది సార్" అన్నాడు.

నేను ఆరు నెలలుగా వీధి గేటు దాటి నడవలేదు.

ఆ గడి నా రాత్రులది. భయపడినప్పుడు హెడ్‌మాస్టరు వేగంగా గంట కొట్టమంటారు, కొత్త కుర్రవాడు ఒక్క కబురునూ వదలకుండా, పొల్లు పోకుండా అటెండరుకు చేరవేస్తాడు. పై గది 105 అంటే కింది గదికీ 105 అందిస్తాడు, డాక్టరు పెట్టిన గరిష్ఠ పరిమితి వరకూ. మిషన్ చెడిపోయిందనుకున్న ప్రతి రాత్రీ అది నా భయాన్నే నమ్మకంగా మోస్తోంది. 36 దగ్గర ఉన్న రోజుల్లో నేను ఎంత భయపడినా గుండె దడ వచ్చేది కాదు, కబురే అందదు కనుక. దడ రావడమే మిషన్ పనిచేస్తోందనడానికి రుజువన్నమాట. ఆ కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరుగారితో ఆ గడి సంగతి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. 99 శాతం అంటే మిషన్ లేకపోతే గుండె సున్నా అని కాదనీ, కిందిభాగం తనంతట తాను నెమ్మదిగా కొట్టుకోగలదని నా విషయంలో ఆ 36 చూపించిందనీ, అయితే దానిని నమ్ముకుని ఉండలేము కనుకే ఇది పెట్టామనీ చెప్పారు. బ్యాటరీ ఒక్కసారిగా ఆరిపోదనీ, మార్చవలసిన సమయం దగ్గర పడితే నెలల ముందే పరీక్షలో తెలుస్తుందనీ కూడా చెప్పారు. చివరికి, గుండె డాక్టరుగా తాను చేయగలిగింది ఇంతేననీ, మిగిలినదానికి మానసిక వైద్యుణ్ణి కలవమనీ చీటీ రాశారు. ఇంట్లో దాని మీద పెద్ద చర్చే జరిగింది. "బావగారికి పిచ్చేమిటి" అని మా బావమరిది ఊరంతా వినేలా అన్నాడు.

భీమవరంలో కలిసిన ఆ వైద్యుడు నన్ను నాడి చూసుకోవద్దనలేదు. రోజుకు రెండుసార్లు, వేళ ప్రకారం, పుస్తకంలో రాసి చూసుకోమన్నారు. మిగతా సమయంలో చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగమన్నారు. ఆ పది నిమిషాలు మొదట్లో నరకం. చూసే ప్రతిసారీ నాడి కొంచెం పెరుగుతుంది, పెరిగిందని మళ్లీ చూస్తాం. కొలిచే పరికరమే కొలతను మారుస్తుందని తరగతిలో వోల్టుమీటరు గురించి చెప్పినవాడిని, నా వేలి మీద అది జరుగుతుంటే గుర్తించలేకపోయాను. ఎనిమిది నెలలు ఒక చిన్న మాత్ర కూడా వేసుకున్నాను, ఆయన చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానేశాను. దీనిని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఆ రోజుల్లోనే ఈ పరికరం పూర్వీకుల కథ చదివాను. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ల మనిషికి మొట్టమొదటి పేస్‌మేకర్ శరీరం లోపల అమర్చారు. రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు దానిని బూటు పాలిష్ డబ్బాలో పోతపోసి తయారుచేశాడు. అది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ తరువాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ, తనకు ఆపరేషను చేసిన ఓకె సెన్నింగ్ కంటే, ఆ ఇంజనీరు కంటే కూడా ఎక్కువ కాలం బతికి 2001లో 86వ ఏట పోయాడు. కొన్ని గంటల మిషన్‌తో మొదలుపెట్టిన ఆ మనిషి మొదటి రాత్రి ఎలా పడుకున్నాడో అని మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తాను.

రోజువారీ జాగ్రత్తలు పెద్ద భారమేమీ కాదు. ఫోను కుడి జేబులోకి, కుడి చెవి దగ్గరకు మారింది. ఇండక్షన్ పొయ్యి మీద వంటకు నేను వంగి చూడను, దానికి మా ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. తిరుమలలో తనిఖీ దగ్గర కార్డు చూపించి, చేతి డిటెక్టరును ఛాతీ మీద ఆపి ఉంచవద్దని చెబితే అర్థం చేసుకున్నారు. నా ప్రయోగశాల అయస్కాంతాలన్నీ మనవడికి ఇచ్చేశాను. వాడు వాటితో నా దగ్గరకు రావాలంటే గుమ్మం దగ్గర "తాతా, అయస్కాంతం!" అని అరిచి, కింద పెట్టి రావాలి. ఆ నియమం వాడికి ఎంత నచ్చిందంటే అయస్కాంతం లేకపోయినా అరుస్తాడు.

అబ్బాయికి చెప్పవలసిన మాట మాత్రం ఒకటి ఉండిపోయింది. దహనానికి ముందు ఈ బిళ్లను తీయించాలి, లేకపోతే మంటలో బ్యాటరీ పేలుతుంది. నిరుడు సంక్రాంతికి వచ్చినప్పుడు, భోగి మంట దగ్గర నిలబడి ఉండగా చెప్పాను. "ఇప్పుడా నాన్నా ఆ మాట!" అన్నాడు. కాసేపటికి "ఎవరు తీస్తారు దాన్ని?" అని మెల్లగా అడిగాడు. ఆస్పత్రిలో చెబితే తీస్తారన్నాను. బీరువాలో పేస్‌మేకర్ కార్డు పక్కన ఆ మాట ఒక కాగితం మీద రాసి పెట్టాను. విచిత్రంగా, ఆ రాత్రి నాకు రెండింటికి మెలకువ రాలేదు.

ఇప్పటికీ నెలకు ఒకటి రెండు రాత్రులు వస్తుంది. పోయిన వారం కూడా వచ్చింది. బిళ్ల అడుగున సలుపు, వెనుకనే అరచేతుల్లో చెమట. లేచి కూర్చుని, పక్కటెముక కలిసే చోట నొక్కి చూసుకున్నాను, నొప్పి అక్కడే ఉంది. చేతి కింద దిండు సర్దుకుని, కుడివైపు తిరిగి, ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులుతూ పడుకున్నాను. నా భార్య నిద్రలోనే "చూసుకున్నారా?" అంది. లేదన్నాను. నిజంగానే చూసుకోలేదు.

ఈ నెల మొదట్లో చెకప్‌కు వెళ్లాను. బ్యాటరీ ఇంకా ఏడేళ్లు వస్తుందన్నారు. 100కూ 110కీ మధ్య గడి మునుపటికంటే పెద్దదయింది. "వాకింగ్ సార్?" అని అదే టెక్నీషియను అడిగాడు. రోజూ ఉదయం కాలవ గట్టు మీద లాకుల దాకా నడుస్తున్నానని చెప్పాను. గడిలో ఎంత వాటా నడకదో, ఎంత వాటా రాత్రులదో విడదీసి చూపించే వీలు ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. కాగితం మడిచి ఫైలులో పెట్టి, ఆరు నెలల తరువాత రమ్మన్నాడు.